రాకెట్ ఖర్చు మీద ఊళ్లో చర్చ పెట్టడం ఎలా?

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు పల్లె. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఇస్రో రాకెట్ ఎగిరిన ప్రతిసారీ తరగతిలో చప్పట్లు మోగుతాయి, తరగతి బయట ఒక ప్రశ్న వస్తుంది. "తాగేదానికి నీళ్లు లేవు, ఈ రాకెట్లు ఎందుకు మేడమ్?" కొంతమంది టీచర్లు దీన్ని దేశభక్తి లేని మాట అని కొట్టిపారేస్తారు. కొంతమంది "అవును, అంతా దండగే" అని తలూపి ఊరుకుంటారు. ఎట్లా చేసినా ఆ ప్రశ్నను పట్టించుకోనట్టే.

అందుకే మా బడి వరండాలో పిల్లల్ని, వాళ్ల పెద్దవాళ్లని కలిపి కూర్చోబెట్టి ఈ చర్చ నడుపుతూ వస్తున్నాను. మీ ఊళ్లో మీరూ నడపాలనుకుంటే ఎట్లా మొదలుపెట్టాలి, బోర్డు మీద ఏ అంకెలు రాయాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నది ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం దాచను. ఉపగ్రహాలకు పెట్టే ఖర్చు ఆపమని అడగాల్సిన పని మనకు లేదు. ఆ ఉపగ్రహం చూసింది మన చేని గట్టు దాకా రావాలని గట్టిగా అడగాలి. అయితే చర్చ నడిపేటప్పుడు ఈ అభిప్రాయం ముందు బయటపెట్టకండి. టీచరు జవాబు చెప్పేస్తే ఊరివాళ్లు మర్యాదకు ఒప్పుకుని ఇంటికి పోతారు.

ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో

ముంగారు విత్తనాల అదునులో ఎవరూ రారు, రమ్మని పిలవడం తప్పు కూడా. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో పదును వాన పడిందంటే మా ఊరంతా చేలల్లోనే ఉంటుంది. శెనక్కాయ పీకి కాయ విడిపించుకున్నాక పెట్టుకోవచ్చు. ఇంకా మంచిది ఉగాది వారం. బెంగళూరుకు పనికి పోయినవాళ్లు పండక్కి ఊరికి వస్తారు. పేదరికం గురించి మాట్లాడుతూ వలస పోయినవాళ్లు లేకుండా కూర్చుంటే ఆ చర్చ సగమే.

రచ్చకట్ట మీద పెట్టకండి. అక్కడ మగవాళ్లు కూర్చుంటారు, ఆడవాళ్లు దూరంగా నిలబడి విని పోతారు. బడి వరండా అయితే అందరూ కింద కూర్చుంటారు, నల్లబల్ల కూడా ఉంటుంది. పొదుపు సంఘం లీడర్లకు ముందు రోజే చెప్పండి. వాళ్లకు వడ్డీ లెక్కలు కొట్టినపిండి, బోర్డు మీద పెద్ద అంకెలు చూసి బెదరరు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు లెక్కలు వేస్తారు.

మొదట మాట్లాడే అవకాశం "దండగ" అనేవాళ్లకు ఇవ్వండి. చంద్రయాన్ వీడియోతో మొదలుపెడితే ఆ పాట, ఆ చప్పట్ల తర్వాత ఎవరికీ వద్దు అనే ధైర్యం రాదు. నేను పెట్టే నియమం ఒక్కటే. అంకె చెప్పినవాళ్లు అది ఎక్కడ చూశారో కూడా చెప్పాలి. వాట్సాప్‌లో వచ్చింది అంటే బోర్డు మీద పక్కన ప్రశ్నార్థకం పెట్టి రాస్తాను.

ప్రశ్నను మూడు ముక్కలు చేయండి

"అంతరిక్షం కావాలా, అన్నం కావాలా" అని అడిగితే ఎవరైనా అన్నమే అంటారు. అది ప్రశ్న కాదు. అంతరిక్షం ఖర్చు అంటే అంతా ఒకటే మూట కాదు. బోర్డు మీద మూడు గళ్లు గీయండి.

మొదటి గడిలో భూమిని చూసే, మాటలు మోసే ఉపగ్రహాలు. వాన మబ్బుల్ని చూసే ఇన్సాట్, పంటల్ని, నేలని చూసే రిసోర్స్‌శాట్, టీవీకీ ఫోన్లకూ పనికొచ్చే జీశాట్. రెండో గడిలో తెలుసుకోవడానికి చేసే యాత్రలు. చంద్రయాన్, మంగళయాన్, సూర్యుణ్ణి చూస్తున్న ఆదిత్య ఎల్-1. మూడో గడిలో మనుషుల్ని పైకి పంపడం, అంటే గగన్‌యాన్, ఆ తర్వాత కట్టాలనుకుంటున్న అంతరిక్ష కేంద్రం.

ఈ మూడు ముక్కలు నేను కల్పించినవి కాదు. మన అంతరిక్ష కార్యక్రమాన్ని మొదలుపెట్టిన విక్రమ్ సారాభాయ్ 1960ల్లోనే ఈ తేడా చూపించాడు. పేద దేశానికి ఇది అవసరమా అని అప్పుడూ అడిగారు. చంద్రుడికి, గ్రహాలకు పోవడంలోనూ, మనుషుల్ని అంతరిక్షంలోకి పంపడంలోనూ ధనిక దేశాలతో పోటీ పడాలనే కలలు మాకు లేవు, మనుషుల అసలు సమస్యలకు ఈ సాంకేతికతను వాడటంలో మాత్రం ఎవరికీ తీసిపోకూడదు అన్నది ఆయన చెప్పిన దాని సారం. ఆయన గురించి చెప్పేటప్పుడు రెండో సగం మాత్రమే చెప్పేవాళ్లు ఎక్కువ. మీరు మొదటి సగం కూడా చెప్పండి. ఆయన వద్దనుకున్న పనులే ఇప్పుడు మనం చేస్తున్నాం. అది తప్పో ఒప్పో ఊరివాళ్లు మాట్లాడుకోవాలి. అప్పటి దేశం వేరు, ఇప్పటి దేశం వేరు అని ఒకరంటారు. పేదవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు అని ఇంకొకరంటారు. మాట్లాడనివ్వండి.

బోర్డు మీద లెక్క

ఇది తొందరపడి ముగించకూడని భాగం. చర్చ గాలిలో తిరగకుండా నిలబడేది ఇక్కడే.

2024-25 కేంద్ర బడ్జెట్‌లో అంతరిక్ష శాఖకు పెట్టింది సుమారు 13,043 కోట్లు. దేశ జనాభా దాదాపు 140 కోట్లు. పిల్లలతో భాగహారం చేయించండి. రెండు వైపులా కోట్లు కొట్టేస్తే 13,043ని 140తో భాగించడమే. మనిషికి ఏడాదికి 93 రూపాయలు వస్తుంది. ఆ ఏడాది కేంద్రం మొత్తం ఖర్చు అంచనా సుమారు 48.2 లక్షల కోట్లు. అంటే ప్రతి 100 రూపాయల్లో 27 పైసలు. చంద్రయాన్-3కి అయినట్టు చెప్పిన 615 కోట్లను ఇట్లాగే భాగిస్తే మనిషికి నాలుగు రూపాయల నలభై పైసలు. మంగళయాన్‌కు 450 కోట్లు. దాన్ని భాగించే పని చిన్న తరగతి పిల్లలకు ఇవ్వండి, సంతోషంగా చేస్తారు.

తర్వాత పక్కనే ఇంకో నిలువు గీత గీసి ఈ అంకెలు రాయండి. అదే ఏడాది ఆహార సబ్సిడీకి, అంటే మన స్టోరు బియ్యానికి, పెట్టింది సుమారు 2.05 లక్షల కోట్లు. రాకెట్ల ఖర్చుకు దాదాపు 16 రెట్లు. ఉపాధి హామీకి, మన మాటలో కరువు పనికి, 86,000 కోట్లు. ఆ పథకం దేశంలో మొదలైంది మన జిల్లాలోనే. నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ఈ సంగతి చెబితే పెద్దవాళ్లు ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చుంటారు. కొందరు ఆ సభకు పోయినవాళ్లే ఉంటారు.

ఇప్పుడు అసలు లెక్క. "ఇస్రోను మూసేసి ఆ డబ్బు అందరికీ సమానంగా పంచితే మన జిల్లాకు ఎంతొస్తుంది?" 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి అనంతపురం జిల్లాలో 40.81 లక్షల మంది. మనిషికి 93 రూపాయల చొప్పున దాదాపు 38 కోట్లు. ఈ అంకెను బోర్డు మీద పెద్దగా రాసి కొంచెంసేపు మాట్లాడకుండా ఉండండి. కొందరికి ఇది చాలా తక్కువ అనిపిస్తుంది, ఇప్పుడు రెండు జిల్లాలైన ఇంత పెద్ద ప్రాంతానికి 38 కోట్లతో ఏమవుతుంది అంటారు. ఇంకొందరికి ఎక్కువే అనిపిస్తుంది. ఏటా 38 కోట్లంటే హాస్టళ్లు బాగవుతాయి, ఆస్పత్రుల్లో డాక్టర్లు ఉంటారు అంటారు. రెండో మాటను తీసిపారేయకండి, అది నిజం.

ఇక్కడ చాలామంది టీచర్లు "చూశారా, ఏడాదికి తొంభై మూడు రూపాయలే" అని గెలిచినట్టు ఆపేస్తారు. ఆపకండి. ఖర్చు చిన్నది కాబట్టి అది మంచి ఖర్చు అయిపోదు. మా ఊళ్లో ఒక అవ్వ సూటిగా అడిగింది. "టీచరమ్మా, ఆ తొంభై మూడు రూపాయలు నావే కదా, వాటితో నాకేమొచ్చిందో చెప్పు." ఈ చర్చ మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన ప్రశ్న అది. స్టోరు బియ్యానికి 16 రెట్లు పెట్టినా ఆకలి పూర్తిగా పోలేదంటే, పేదరికం ఒట్టి డబ్బు చాలకపోవడం వల్లే ఉండిపోలేదని కూడా అందరికీ అర్థమవుతుంది. నీతి ఆయోగ్ లెక్కలోనే 2019-21 నాటికి దేశంలో నూటికి దాదాపు 15 మంది చదువు, ఆరోగ్యం, కనీస సౌకర్యాలు అన్నీ కలిపి చూస్తే పేదలు. 2015-16లో నూటికి దాదాపు 25 మంది. తగ్గింది, ఇంకా ఉంది. రెండూ చెప్పండి.

బడ్జెట్ అంకెలు ఏటా మారతాయి. ఫిబ్రవరిలో బడ్జెట్ వచ్చాక కేంద్ర బడ్జెట్ వెబ్‌సైట్‌లో శాఖలవారీ కేటాయింపులు ఉంటాయి. పిల్లలతోనే వెతికించి కొత్త అంకెలతో లెక్క మళ్లీ వేయించండి.

ఫోన్ తీసి చూపించండి

అవ్వ ప్రశ్నకు జవాబు మాటల్లో చెప్పేకంటే చూపించడం మంచిది. సిగ్నల్ నమ్ముకోకండి, ముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

మొదట వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఇన్సాట్ ఉపగ్రహ చిత్రాలు. ఇన్సాట్-3డీఎస్‌ను 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి పంపారు. వర్షాకాలం చిత్రాల్ని వరసగా కదిలిస్తే పడమటి కనుమల దాకా వచ్చిన మబ్బు అక్కడే కురిసి, మన వైపు ఎట్లా పలచబడిపోతుందో కనిపిస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే జిల్లా మనది. ఎందుకు ఇంత తక్కువ అని తరతరాలుగా అడుగుతున్న ప్రశ్నకు జవాబు ఆ బొమ్మలో ఉంది. పెద్దవాళ్లు దీన్ని చాలాసేపు చూస్తారు. తొందరపెట్టకండి.

తర్వాత మేఘదూత్ యాప్. తెలుగులో పనిచేస్తుంది. రాబోయే రోజుల వాన అంచనా, మంగళవారం, శుక్రవారం జిల్లాకు తగ్గ సేద్యం సలహా అందులో వస్తాయి. విత్తనం వేయాలా, ఒక వారం ఆగాలా అనే టెన్షన్ మా దగ్గర ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఎకరాకు పోసే శెనక్కాయ విత్తనం ఖర్చు తెలిసినవాళ్లకు ఆ వారం విలువ వేరే చెప్పక్కర్లేదు. యాప్ చెప్పింది ప్రతిసారీ జరగదు. జిల్లా మొత్తానికి ఇచ్చే అంచనా మన చేను మీద తప్పవచ్చు, అది కూడా చెప్పండి.

మూడోది బోరు. మా వైపు ఊళ్లను ఎక్కువ నష్టపెట్టింది ఎండిన బోర్లే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను. వెయ్యి అడుగులు దాటి వేసినా దుమ్ము తప్ప రాని బోర్లున్న చేలు మా చుట్టూ ఎన్నో ఉన్నాయి. ఒక్కో బోరు లక్ష దాటే అప్పు. టెంకాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూసేవాళ్లను నమ్ముతారు, వాళ్లను ఎగతాళి చేస్తే చర్చ అక్కడే పాడైపోతుంది. మన కాళ్ల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు, నైసు రాయి. గట్టి రాతిలో నీళ్లు నిలవవు, పగుళ్లలో మాత్రమే ఉంటాయి. ఉపగ్రహం భూమి లోపలి నీళ్లను చూడలేదు. కానీ కిలోమీటర్ల పొడవున సాగే పగుళ్ల గీతలు, పాత వాగుల దారులు, రాతి రకం మారే చోటు పైనుంచి బాగా కనిపిస్తాయి. వాటిని నేల మీది పరిశీలనతో కలిపి హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, ఎన్‌ఆర్‌ఎస్‌సీ, దేశవ్యాప్తంగా భూగర్భజల అవకాశాల పటాలు తయారుచేసింది. తాగునీటి పథకం కోసం చేసిన పని అది. ఆ పటాలు 1:50,000 కొలతలో ఉంటాయి. పటం మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. అందుకే పటం చూసి "ఇదిగో ఈ వేపచెట్టు కింద" అని చెప్పడం కుదరదు. ఈ మిట్ట వైపు వద్దు, ఆ వంక వైపు చూడండి అని మాత్రం చెప్పగలదు. ఆ తర్వాత భూగర్భజల శాఖ జియాలజిస్టు పరికరాలతో వచ్చి చూడాలి. ఈ రెండూ కలిస్తే ఒక దుమ్ము బోరు తప్పినా, ఆ అవ్వ ఇంటి తొంభై మూడు రూపాయలు ఎన్నో ఏళ్లకు సరిపడా తిరిగొచ్చినట్టే.

నాలుగోది కరువు పనుల్లో తవ్విన ఫారం పాండ్లు, అంటే చేలల్లో నీటి గుంటలు, చెక్ డ్యాములు. వీటికి ఫొటో తీసి, అక్షాంశ రేఖాంశాలతో ఇస్రో వారి భువన్ అనే ఆన్‌లైన్ పటం మీద పెట్టే పద్ధతి 2016లో మొదలైంది. ఊరి పేరు వెతికి, ఎవరి చేలో గుంట వాళ్లనే గుర్తుపట్టమనండి. పిల్లలు పోటీపడి వెతుకుతారు. పటంలో ఉన్నది నేల మీద లేకపోయినా, నేల మీద ఉన్నది పటంలో లేకపోయినా ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం తర్వాత పనికొస్తుంది. బండ్లపల్లిలో మొదలైన కూలి పనికీ, శ్రీహరికోటలో ఎగిరే రాకెట్‌కూ సంబంధం ఉందని నేను చెబితే నమ్మని పిల్లలు, సొంత చేలో గుంట ఫోన్‌లో కనిపించినప్పుడు నమ్మారు.

ఉపగ్రహం చూపు ఎంత సన్నదో కూడా చెప్పాలి. రిసోర్స్‌శాట్‌లో లిస్-3 అనే కెమెరాకు నేల మీద 23.5 మీటర్ల చదరం ఒక చుక్క. ఎకరా నేల ఆ చిత్రంలో ఏడు చుక్కలు. అర ఎకరా శెనక్కాయ ఎండిందా లేదా అన్నది మూడు నాలుగు చుక్కల్లో తేల్చడం కష్టం. ఇంతకంటే సన్నగా చూసే కార్టోశాట్ లాంటి కెమెరాలు ఉన్నాయి, కానీ అవి ఒక్కసారికి చూసే వెడల్పు తక్కువ. పంట నష్టం లెక్కల్లో ఉపగ్రహం పేరు ఎవరైనా ఎత్తితే, ఏ కెమెరా, ఎన్ని మీటర్ల చుక్క అని అడగడం మన పిల్లలకు వచ్చి ఉండాలి.

రాయదుర్గం వైపు వాళ్లయితే దర్గా హొన్నూరు గురించి తప్పక మాట్లాడండి. బొమ్మనహాళ్ మండలంలో హగరి నది ఇసుక గాలికి లేచి చేల మీద దిబ్బలుగా పడుతున్న ఊరది. అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ ఉపగ్రహ చిత్రాలతో దేశంలో ఎడారిగా మారుతున్న, సారం పోతున్న నేలల అట్లాసును 2016లో తెచ్చింది. ఇసుక ఎటు జరుగుతోందో ఒక మనిషి కంటికి ఏడాదిలో తెలియదు, ఏళ్ల తరబడి తీసిన చిత్రాలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

తుపానుల సంగతి కోస్తాకు చెందింది కాబట్టి క్లుప్తంగా చెప్పి దాటండి. 1977లో దివిసీమ ఉప్పెన పది వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. 2013లో ఒడిశా తీరానికి వచ్చిన ఫైలిన్ ఎంతో బలమైన తుపాను. ముందే తెలిసి లక్షలమందిని తరలించడంతో పోయిన ప్రాణాలు పదుల్లోనే ఆగాయి. ఆ ఘనత ఉపగ్రహం ఒక్కదానిదే కాదు. రాడార్లు, తుపాను షెల్టర్లు, ఇల్లిల్లూ తిరిగి జనాన్ని లేపిన ఊరి సిబ్బంది కూడా ఉన్నారు.

వద్దనేవాళ్ల వాదనకు బలం మీరే అందించండి

ఇంతవరకూ విన్నాక చర్చ రాకెట్ల వైపు వాలిపోతుంది. అప్పుడు మీరు రెండో వైపు నిలబడాలి.

కడప జిల్లా సంగతి చెప్పండి. 2021 నవంబర్‌లో బంగాళాఖాతంలో వాయుగుండం. ఉపగ్రహాలు చూశాయి, భారీ వానలని హెచ్చరికలూ వచ్చాయి. అయినా 19వ తేదీ తెల్లవారుజామున చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, పులపుత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ల మీద పడింది. ఎంతోమంది చనిపోయారు. ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి చూసిన కన్ను ఉంది, కట్ట కింద ఊళ్లో నిద్రపోతున్నవాళ్లను తట్టి లేపే ఏర్పాటు సరిగ్గా లేదు. ఈ దూరం పూడ్చకుండా ఇంకో ఉపగ్రహం ఎందుకని ఎవరైనా అడిగితే, అది న్యాయమైన ప్రశ్న.

బడి సంగతి కూడా ఉంది. 2004లో చదువు కోసమే ఎడ్యుశాట్ అనే ఉపగ్రహాన్ని పంపారు. ఉపగ్రహం ద్వారా పాఠాల కోసమని నేను ఇదివరకు పనిచేసిన ఒక బడిలో మిద్దె మీద డిష్ పెట్టారు. కొన్నాళ్లకు పెట్టె పాడైంది, బాగుచేసేవాళ్లు రాలేదు, ఆ గదిలో బల్లలు పేర్చారు. పైన ఉపగ్రహం బాగానే పనిచేస్తూ ఉండింది. అంతకు ముందు 1975-76లో అమెరికా ఉపగ్రహం సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు నేరుగా టీవీ పాఠాలు చూపించారు. అప్పట్లో పల్లెకు ఒక టీవీ పెట్టి, పాడైతే బాగుచేసే మనుషుల్ని కూడా ఏర్పాటు చేశారు. అందుకే అది నడిచింది. డిష్‌తో పాటు దాన్ని చూసుకునే మనిషి జీతం కూడా బడ్జెట్‌లో ఉండాలి.

అమెరికా కథ ఒకటి చెబితే పిల్లలు బాగా వింటారు. 1969 జూలై 15, అపోలో-11 ఎగరడానికి ముందు రోజు. మార్టిన్ లూథర్ కింగ్ తర్వాత నల్లజాతివాళ్ల హక్కుల ఉద్యమాన్ని నడిపిన రాల్ఫ్ అబెర్నతీ, పేద కుటుంబాల్ని వెంటబెట్టుకుని, కంచరగాడిదలు లాగే బండితో రాకెట్ కేంద్రానికి వచ్చాడు. దేశంలో ఆకలి ఉండగా చంద్రుడి మీద ఇంత ఖర్చా అని అడిగాడు. నాసా అధిపతి థామస్ పెయిన్ బయటికి వచ్చి ఆయన్ను కలిశాడు. రేపు బటన్ నొక్కకపోతే మీ సమస్యలు తీరతాయంటే మేం నొక్కం అన్నాడు. అబెర్నతీ కోరినవాటిలో ఒకటి మన చర్చకు ముఖ్యం. నాసాలో ఉన్న సాంకేతిక నిపుణులు ఆకలి సమస్య మీద కూడా పనిచేయాలని అడిగాడు ఆయన. అపోలో యాత్రలు 1972 డిసెంబర్‌తో ఆగిపోయాయి. అమెరికాలో పేదరికం ఆగలేదు. ఈ కథ విన్నాక "అయితే పెయిన్ చెప్పిందే కరెక్టు" అని ఒక పిల్లవాడు అంటాడు. "అబెర్నతీ అడిగింది మరి ఇచ్చారా?" అని ఇంకొకరితో అడిగించండి.

చంద్రుడి గురించి మాట వచ్చినప్పుడు, చంద్రయాన్-1 అక్కడ నీటి అణువుల జాడ కనిపెట్టిందని మీరు చెబితే "మా కొళాయిలో కనిపెట్టమను మేడమ్" అని ఎవరో అంటారు. నవ్వి దాటేయకండి. చంద్రుడి మీది నీటి వల్ల మన ఊరికి ఈరోజు ఏ లాభమూ లేదని ఒప్పుకోండి. ఆ తర్వాత కదిరి పరిశోధనా కేంద్రం గురించి అడగండి. మన చేలల్లో ఏళ్లుగా వేస్తున్న కదిరి-6 శెనక్కాయ అక్కడి నుంచి వచ్చిందే. ఆ విత్తనం మీద పనిచేసినన్నాళ్లూ అక్కడివాళ్లకు జీతాలు ఇచ్చింది కూడా పేద దేశమే. పరిశోధనలో ఏది పంటకొస్తుందో ముందు తెలియదు. కొన్ని అసలు రావు. అందుకని మొత్తం డబ్బు దానికే పెట్టకూడదు, అసలు పెట్టకుండానూ ఉండకూడదు. ఎంత అన్నదే మాట్లాడుకోవాలి.

చింతపిక్కలతో ఓటు

చేతులెత్తే ఓటు పెట్టకండి. పక్కవాళ్లను చూసి ఎత్తుతారు. మనిషికి పది చింతపిక్కలు ఇచ్చి, నేల మీద సుద్దతో ఏడు గళ్లు గీయండి. తాగునీళ్లు, ఆస్పత్రి, బడి, సేద్యం, భూమిని చూసే ఉపగ్రహాలు, చంద్రుడు-గ్రహాలు, మనుషుల్ని పైకి పంపడం. ఒక్కొక్కరే వచ్చి తమ పది పిక్కలు ఇష్టమొచ్చిన గళ్లలో పెట్టాలి. ఆడవాళ్లను ముందు పంపండి.

మా దగ్గర ఆడవాళ్ల పిక్కలు నీళ్లలో, ఆస్పత్రిలో పడతాయి. ఫోన్లో బోరు పటం చూశాక మాత్రం ఒక్కొక్కరు ఒక పిక్క తెచ్చి ఉపగ్రహాల గడిలో వేస్తారు. చంద్రుడి గడిలో ఎక్కువ పిల్లలవే. ఒక అమ్మాయి మూడు పిక్కలు అక్కడే పెట్టింది. ఎందుకని వాళ్ల నాయన గద్దిస్తే, "పేదోళ్ల బిడ్డలు తిండి గురించి తప్ప ఇంకేమీ ఆలోచించకూడదా నాయనా?" అంది. ఆ మాటకు నా దగ్గర కూడా ఎదురు లేదు. ఏడో గడిలో అన్నిటికంటే తక్కువ పడతాయి.

నన్ను కూడా పెట్టమంటారు, పెడతాను. ఉపగ్రహాల గడిలో రెండు, చంద్రుడి గడిలో ఒకటి. గగన్‌యాన్ గడి ఖాళీగా వదిలేస్తాను. ఆ కార్యక్రమానికి 2024 సెప్టెంబర్‌లో మొత్తం కేటాయింపును 20,193 కోట్లకు పెంచారు. అది చాలా ఏళ్ల మీద పెట్టే ఖర్చు, ఒక్క ఏడాదిది కాదు. అయినా భూగర్భజల పటం పంచాయతీ ఆఫీసు గోడ మీదికి చేరని ఊళ్లో నిలబడి, ఆ డబ్బుకు ఇప్పుడే తొందరేమిటో నేను అవ్వకు చెప్పలేను. చెప్పగలిగే టీచర్లు మీలో ఉంటే మీ పిక్క అక్కడ పెట్టండి, కారణం కూడా అందరి ముందూ చెప్పండి.

చర్చ అయ్యాక అర్జీ

చప్పట్లు కొట్టి ఇళ్లకు పోతే రెండు గంటలు పోయినట్టే. అందరూ ఉండగానే ఒక అర్జీ రాయండి. నాలుగైదు విన్నపాలే ఉండాలి, చేయగలిగినవే ఉండాలి.

మా అర్జీలో ఏమున్నాయంటే: మంగళవారం, శుక్రవారం వచ్చే వాతావరణ సలహాను రైతు సేవా కేంద్రం బోర్డు మీద అందరికీ కనిపించేలా తెలుగులో రాయాలి. మా మండలం భూగర్భజల పటాన్ని పెద్దగా ప్రింటు తీసి పంచాయతీ ఆఫీసు గోడకు పెట్టాలి. కొత్త బోరుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అడిగినప్పుడు జియాలజిస్టు పరిశీలన తేదీ కూడా చెప్పాలి. భువన్‌లో ఉన్న ఉపాధి పనుల జాబితాను గ్రామసభలో చదివి వినిపించాలి. భారీ వాన హెచ్చరిక వస్తే చెరువు కట్ట కింది ఇళ్లకు ఎవరు వెళ్లి చెబుతారో ఆ మనిషి పేరు, ఫోన్ నంబరు ముందే ప్రకటించాలి. చివరి విన్నపం మా వాగు పక్క వీధి ఆడవాళ్లు రాయించింది.

పటంతో నేల సరిపోని గుంటల కాగితాన్ని అర్జీకి జత చేయండి. ఎవరి మీదా నింద రాయకండి, ఏది ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అన్నది మాత్రమే రాయండి. పటం ఇవ్వడం కుదరదంటే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఆ దరఖాస్తు నింపడం తొమ్మిదో తరగతి వాళ్లకు ఒక పీరియడ్‌లో నేర్పవచ్చు.

అర్జీ రెండు కాపీలు తీసి, కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి, రసీదు నంబరు అడిగి తీసుకోండి. ఒక పొదుపు సంఘం లీడరూ, ఒక వలస కూలీ కుటుంబం వాళ్లూ తప్పకుండా వెంట వెళ్లాలి. వచ్చే గ్రామసభలో ఆ నంబరు చదివి ఏమైందని అడిగే పని పదో తరగతి పిల్లలకు ఇవ్వకండి, వాళ్లు మార్చిలో పరీక్షలు రాసి వెళ్లిపోతారు. ఎనిమిదో తరగతి వాళ్లకు ఇవ్వండి, ఇంకో రెండేళ్లు బడిలోనే ఉంటారు.